సిస్టమ్ వద్దన్నాక దింపిన లైన్

మేం కనిపెట్టుకుని ఉన్న మెయిన్‌ఫ్రేమ్‌ను మాలో ఎవరమూ కళ్లతో చూడలేదు. అది హైదరాబాద్‌లో, ఒక బ్యాంకు భవనంలో, చల్లటి గదిలో ఉండేది. మేం వనపర్తిలో బస్టాండుకు కొంచెం ఇవతల, ఎరువుల దుకాణం మీది అంతస్తులో ఉండేవాళ్లం. వానాకాలం మొదలైతే మెట్ల మీద పురుగుమందు వాసన నిలిచిపోయేది. బ్యాంకు లెక్కలన్నీ మోసే ఆ పెద్ద కంప్యూటర్ బాగుందా లేదా అని ఆ వాసనలో కూర్చుని చూడటం మా ఉద్యోగం. బ్యాంకు ఆ పనిని ఒక కంపెనీకి ఇచ్చింది. కంపెనీ ఒక చిన్న కాంట్రాక్టరుకు ఇచ్చింది. కాంట్రాక్టరుకు వనపర్తిలో అద్దెలూ జీతాలూ తక్కువని తోచింది.

నేను గద్వాల నుంచి రోజూ బస్సులో వచ్చేవాణ్ని. జూరాల కట్ట మీదుగా, ఆత్మకూరులో కాసేపు ఆగి వచ్చే బస్సు. మా ఇంట్లో మగ్గం ఉంది, చీరలు నేస్తారు. నా డిగ్రీ మధ్యలోనే ఆగిపోయింది. మెయిన్‌ఫ్రేమ్ పని నేర్చుకున్నది గద్వాల శాఖా గ్రంథాలయంలో. హైదరాబాద్‌లో కంప్యూటర్ల మీద పనిచేసి రిటైరైన ఒకాయన తన పుస్తకాలన్నీ మూటగట్టి గ్రంథాలయానికి ఇచ్చిపోయాడు. వాటిని ఏ వరుసలో పెట్టాలో లైబ్రేరియన్‌కు తెలియలేదు. పోటీ పరీక్షల బీరువా పక్కన, కింద అరలో పెట్టాడు. అందరూ మీది అరల కోసం వచ్చేవారు. నేను కింద కూర్చుని నిఘంటువు పక్కన పెట్టుకుని చదివేవాణ్ని. కొన్ని పేజీలకు ఒక పూట పట్టేది. అమీర్‌పేటలో ఏ సంస్థలోనూ చేరకుండా నేర్చుకున్నానని ఇంటర్వ్యూలో చెప్పినప్పుడు వాళ్లు నమ్మలేదు. అడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పాక నమ్మారు. ఆ సంతోషం నాకు ఇప్పటికీ ఉంది. అది పోగొట్టుకునే ఉద్దేశం నాకు లేదు.

ఆ పుస్తకాల్లో ఛానెళ్ల గురించి ఒక అధ్యాయం ఉంది. యంత్రం ఒకచోట ఉంటుంది, డిస్కులు వేరే బీరువాల్లో ఉంటాయి, మధ్యలో కేబుళ్లు. యంత్రం వైపు ఒక్కో కేబుల్ చేరే దారి ఒక్కో ఛానెల్. ఒక దారి చెడితే ఇంకో దారి ఉండాలని ప్రతి డిస్కుకూ కనీసం రెండు దారులు పెడతారు. ఏ దారి తెరిచి ఉంది, ఏ దారి మూసి ఉంది, దేని మీద ఇప్పుడు పని నడుస్తోంది అనే ఎరుకంతా ఆపరేటింగ్ సిస్టమ్‌ది. ఒక దారిని మూయాలంటే ఆ సిస్టమ్‌కే చెప్పాలి. అది చూసుకుని, పనిని రెండో దారికి మళ్లించి, అప్పుడు వదులుతుంది. రెండో దారి లేకపోతే ఇది ఆఖరి దారి, వదలనంటుంది.

అయితే యంత్రానికి సొంత కన్సోల్ ఒకటి, అంటే దాన్ని నేరుగా అదుపు చేసే తెర, వేరే ఉంటుంది. సిస్టమ్‌కు చెప్పకుండా అక్కడి నుంచి కూడా దారి మూయవచ్చు, తెరవవచ్చు. అలా చేయవద్దని ఆ అధ్యాయంలో గీతల మధ్య హెచ్చరిక ఉంది. అక్కడ మూస్తే సిస్టమ్ ఆ దారి ఇంకా ఉందనుకుని పని పంపుతూనే ఉంటుంది. అక్కడ తెరిస్తే తెరిచిన సంగతి సిస్టమ్ లెక్కలోకి రాకపోవచ్చు. మగ్గం మీద నేసే మనిషికి చెప్పకుండా ఇంకెవరో పక్క నుంచి పోగులు తెంపినట్టు, అతికినట్టు అని నాకు అర్థమైంది.

మాకు శిక్షణ ఇవ్వడానికి హైదరాబాద్ నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. ఈ ఛానెళ్ల సంగతి చెబుతూ, "మీ ఊళ్లల్లో లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు ఏం చేస్తాడు?" అని అడిగింది.

"ఎల్సీ తీసుకుంటడు మేడం," అన్నారు అందరూ ఒకేసారి.

సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి, లైన్ ఆపించుకుని, ఆపామని వాళ్లు చెప్పాక ఎక్కడాన్ని మా దగ్గర ఎల్సీ తీసుకోవడం అంటారు. "మనకు ఆపరేటింగ్ సిస్టమే సబ్‌స్టేషన్. ఎల్సీ లేకుండా ఏ ఛానెల్ మీదా చెయ్యి వేయొద్దు," అంది ఆవిడ. ఆ రోజు నుంచి మా గదిలో ఛానెల్ అనే మాట పోయింది. లైన్ అనేవాళ్లం, ఎల్సీ అనేవాళ్లం. మూయడాన్ని దింపడం, తెరవడాన్ని పైకి తేవడం అనేవాళ్లం. ఆ పోలిక నాకు బాగా నచ్చింది. ఇంతకంటే తేలికగా ఎవరూ చెప్పలేరనుకున్నాను.

గట్టు అనే ఊరి నుంచి వచ్చిన ఒకతను నా పక్క కుర్చీలో పనిచేసేవాడు. నాకంటే చిన్నవాడు. నన్ను అన్నా అనేవాడు, నేను తమ్మీ అనేవాణ్ని. వాళ్లు కౌలుకు భూమి పట్టి సీడ్ పత్తి, అంటే విత్తనాల కోసం పెంచే పత్తి, వేస్తారు. ఆ పంటలో ఒక్కో పువ్వుకూ ఇంకో రకం పువ్వు పుప్పొడిని చేత్తో అద్దాలి, దాన్నే క్రాసింగ్ అంటారు. ఆ కాలం వచ్చినప్పుడల్లా చిన్నప్పుడు అతన్ని బడి మాన్పించారు. తన బిడ్డను ఆ చేలోకి దింపనని పెళ్లైనప్పటి నుంచి చెప్పుకునేవాడు. బిడ్డ రెండో తరగతికి వచ్చింది. ఆ ఏడాది మా గదిలోంచి ఒకరిని కాంట్రాక్టు తీసేసి కంపెనీలోకే తీసుకుంటారన్నారు. అది అతనికేనని కాంట్రాక్టరు నోటితోనే చెప్పాడు. అప్పటి నుంచి అతను వనపర్తిలో బడి పక్కన ఇల్లు వెతుకుతున్నాడు. భార్యనూ బిడ్డనూ తెచ్చుకోవాలని.

పని మీద భయం లేని మనిషి. నేను ప్రతి కమాండూ పుస్తకంలో చూసుకుని కొడితే నవ్వేవాడు.

"అన్నా, ఛాయ్ ఎప్పుడు తాగాల్నో గిట్ల రాసిండ్రా నీ పుస్తకంల?"

"రాసిండ్రు. పక్కోడు తాపిచ్చినప్పుడు తాగాలె అని."

"గా పేజీ చింపెయ్యి ముందుగాల."

ఆ రోజు మధ్యాహ్నం షిఫ్టు మా ఇద్దరిదీ. డిస్కుల వైపు పోయే రెండు కేబుళ్లలో తప్పులు వస్తున్నాయని, రెంటినీ మార్చాలని హైదరాబాద్‌లో నిర్ణయించారు. పొద్దున షిఫ్టు వాళ్లు మొదటి లైన్‌ను సిస్టమ్‌కు చెప్పి పద్ధతిగా దింపారు. అక్కడి ఇంజనీరు కేబుల్ మార్చాడు. మార్చాక మళ్లీ పైకి తెచ్చేశామని ఫోన్‌లో చెప్పాడు. పొద్దుటి వాళ్లు మాకు అదే మాట చెప్పి దిగిపోయారు. ఇక మిగిలింది రెండో లైన్.

"నేను చూసుకుంట, నువ్వు తిని రా పో అన్నా. ఎండకు మొఖం వాడిపోయింది," అన్నాడతను.

నేను కిందికి దిగి, రోడ్డు అవతల హోటల్‌లో రొట్టె తింటున్నాను. ఆ హోటల్ పక్కనే మా బ్యాంకు శాఖ. మా బ్యాంకు అంటున్నాను గానీ, ఆ శాఖలో వాళ్లకు మేం ఎవరమో తెలియదు. వాళ్ల కంప్యూటర్లను ఎదురు మేడ మీద నుంచి చూస్తున్నామని కూడా తెలియదు. నేను తింటుండగానే శాఖ లోపలి నుంచి మనుషులు ఒక్కరొక్కరే బయటికి వచ్చి మెట్ల మీద కూర్చోవడం మొదలుపెట్టారు.

"ఏమైంది పెద్దాయనా?" అని అడిగాను.

"సర్వర్ పోయిందంట."

"ఎప్పుడొస్తదంట?"

"గది పోయినప్పుడు చెప్పి పోయిందా, వచ్చేటప్పుడు చెప్పి రానీకి," అన్నాడాయన తలగుడ్డ విప్పుకుంటూ. పక్కనున్న ఆడమనిషి, "ఆమె పుట్టింటికి పోయినట్టుంది, నడువు మనమూ పోదాం," అంది. అందరూ నవ్వారు. నేను రొట్టెను పళ్లెంలోనే వదిలేసి లేచాను.

పైకి వెళ్లేసరికి అతను కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాడు. ఫోన్ స్పీకర్‌లో హైదరాబాద్ ఇంజనీరు ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. సిస్టమ్ తెర మీద తప్పుల వరుసలు ఆగకుండా పైకి పోతున్నాయి.

"ఏమైంది తమ్మీ?"

"తెల్వదన్నా. లైన్ దింపిన. అన్ని ఆగిపోయినయ్."

"ఎట్ల దింపినవ్?"

అతను చేత్తో రెండో తెర చూపించాడు. అది యంత్రం సొంత కన్సోల్. అత్యవసరానికని మాకు కూడా తెరిచి ఇచ్చారు. అప్పటిదాకా మేం దాన్ని చూడటమే తప్ప ముట్టింది లేదు.

"ముందుగాల ఎల్సీ అడిగిన అన్నా. ఇయ్యలేదు. ఆఖరి తోవ, వదల అన్నది. గీడ చూస్తే రెండు తోవలూ పచ్చగనే ఉన్నయ్. మళ్లొకసారి అడిగిన. మళ్ల గదే మాట. ఫోన్ల ఆయన జల్దీ జల్దీ అంటుండు. గిదే అబద్ధం చెప్తుంది అనుకున్న."

నేను కూర్చుని, మొదటి లైన్ సంగతి ఏమిటని సిస్టమ్‌ను అడిగాను. అది ఇంకా మూసే ఉందని చెప్పింది. అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. పొద్దున ఇంజనీరు కేబుల్ మార్చాక ఆ లైన్‌ను సిస్టమ్ ద్వారా పైకి తెప్పించలేదు. తన కన్సోల్ నుంచే తెరిచేసి, తెచ్చేశామని చెప్పాడు. కన్సోల్ దాని పక్కన, తెరిచి ఉందని గుర్తుగా, పచ్చ చుక్క చూపిస్తోంది. సిస్టమ్ లెక్కలో మాత్రం అది పొద్దున దింపిన లైన్‌గానే ఉంది. కన్సోల్‌కు రెండు దారులు కనబడుతున్నాయి, సిస్టమ్‌కు ఉన్నది ఒక్కటే. ఆ ఒక్కదాన్నీ మా తమ్మీ మూసేశాడు. సిస్టమ్ అబద్ధం చెప్పలేదు.

అతను మూసినదాన్ని కన్సోల్‌లోనే మళ్లీ తెరిచాడు. చుక్క పచ్చబడింది. కానీ అప్పటికే సిస్టమ్ ఆ డిస్కులతో తెగతెంపులు చేసుకుంది. ఇక వాటికి పని పంపదు, వాటి నుంచి జవాబు తీసుకోదు. మొదటి లైన్‌ను తీసుకోమని నేను సిస్టమ్‌కు చెప్పాను. తీసుకుంది. అయినా ఆ డిస్కులను ముట్టలేదు. వాటిని ఒక్కొక్కటే వెనక్కి తెచ్చే పని మొదలుపెట్టబోతుంటే హైదరాబాద్ నుంచి, "మీరు ఇంక ఏమీ ముట్టుకోకండి," అన్నారు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం. మొత్తం యంత్రాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టేసరికి సాయంత్రమైంది. బ్యాంకు మెట్ల మీద కూర్చున్నవాళ్లు ఎప్పుడు వెళ్లిపోయారో నేను చూడలేదు.

షిఫ్టు దిగాక ఇద్దరం మేడ మెట్ల మీద కూర్చున్నాం. వద్దన్నాక ఎందుకు దింపావని అడిగాను. కోపంతో అడగలేదు, తెలుసుకోవాలనే అడిగాను.

"అన్నా, మా దిక్కు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేస్తే ఎవడన్న ఎత్తుతడా? ఎత్తితే ఇప్పుడు కాదంటడు. రేపంటడు. రేపు చేస్తే మళ్ల రేపంటడు. చేను ఎండుతది. ఫ్యూజు పోయిందంటే మేమే పోయి ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఏబీ స్విచ్ గుంజి కరెంటు ఆపుతం, ఎక్కి వేసుకుంటం, దిగుతం. మా నాయన గట్లనే చేసిండు. నేనూ గట్లనే చేసిన. సబ్‌స్టేషన్ కాదన్నదంటే ఏంది లెక్క? నువ్వే చూసుకో అని లెక్క."

నేను గద్వాల పట్నంలో పెరిగినవాణ్ని. మా వీధిలో లైన్‌మన్ వచ్చేవాడు, ఫోన్ చేసేవాడు, కరెంటు ఆగేది. శిక్షణలో విన్న ఆ పోలికలో నాకు కనబడింది అడిగి తీసుకునే అనుమతి. అతనికి కనబడింది ఎప్పుడూ ఫోన్ ఎత్తని ఒక కార్యాలయం. ఆ రోజు అందరం ఒకేసారి జవాబు చెప్పాం కాబట్టి అందరికీ ఒకేలా అర్థమైందని ఆ పెద్దావిడ అనుకుంది. నేనూ అనుకున్నాను.

రెండు రోజులకు వీడియోలో మీటింగ్ పెట్టారు. బ్యాంకు మనిషి, కంపెనీ మేనేజరు, మా కాంట్రాక్టరు, మేం ఇద్దరం. మేనేజరు నేరుగా అడిగాడు.

"సిస్టమ్ వద్దన్న తర్వాత లైన్ దింపింది ఎవరు?"

"నేనే సార్," అన్నాడతను.

"వార్నింగ్ చదివారా?"

"చదివిన సార్."

నేను మధ్యలో మాట్లాడాను. ఈయన చేసింది తప్పే సార్, కానీ అదే తప్పు పొద్దున ఒకసారి జరిగింది, అక్కడ సిస్టమ్‌కు చెప్పకుండా తెరిచారు, ఇక్కడ చెప్పకుండా మూశారు, మొదటిది జరగకపోతే రెండోదానికి ఇంత నష్టం ఉండేది కాదు, ఈయన్ని తప్పుదారి పట్టించింది ఆ పచ్చ చుక్కే అని వివరంగా చెప్పాను. ఇంట్లో అద్దం ముందు చెప్పుకుని వచ్చిన మాటలు. ఒక్క మాట కూడా తడబడలేదు.

మేనేజరు అంతా విన్నాడు. "మీరు చెప్పింది కరెక్టే. కానీ ఆ ఇంజనీరు వేరే కంపెనీ మనిషి. అది ఈ మీటింగ్‌లో విషయం కాదు," అన్నాడు.

ఏ మీటింగ్‌లో విషయమో నేను అడిగాను. ఆయన మ్యూట్‌లో ఉన్నాడో, వినబడలేదో. బ్యాంకు మనిషి థాంక్యూ అని వెళ్లిపోయాడు. నేను తప్పు మాట చెప్పి ఓడిపోయి ఉంటే, ఇంకా చదువుకోవాలి అనుకుని ఊరుకునేవాణ్ని. కరెక్టే అన్నారు. అన్నాక చేయడానికి ఏమీ మిగల్లేదు.

తర్వాత కాంట్రాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. "గా పుస్తకాలు జర బంద్ పెట్టు. నీది కూడ పోతది. వాని దిక్కు మాట్లాడితే వాడు నిన్ను బచాయిస్తడా?"

అతన్ని ఆ వారంలోనే తీసేశారు. కంపెనీలోకి ఎవరినీ తీసుకోలేదు. వనపర్తిలో చూసుకున్న ఇంటాయనకు వద్దని చెప్పడానికి నన్ను తోడు రమ్మన్నాడు. ఇంటాయన, "బడి షురూ అయింది గద, ఎప్పుడొస్తరు?" అని అడిగాడు. అతను, "ఇగ రాము," అన్నాడు. అంతే.

నాగర్‌కర్నూల్‌లో నాకు తెలిసిన ఒకాయన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడుపుతాడు. అక్కడైనా పని దొరుకుతుందని ఒక ఆదివారం అతన్ని తీసుకుని వెళ్లాను. గోడల మీద టైపింగ్, ట్యాలీ అని బోర్డులు.

"ఏం వచ్చు నీకు?" అని అడిగాడాయన.

"మెయిన్‌ఫ్రేమ్ సార్."

"గదేంది?"

అతను నా వైపు చూశాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. బ్యాంకులు, డిస్కులు, ఛానెళ్లు. ఆయన మర్యాదగా విన్నాడు. విని, "మా పిల్లలకు గివి చెప్తే ఎవడు కూసుంటడే? ట్యాలీ వస్తే చెప్పు," అన్నాడు. ఛాయ్ తాపించాడు. దిగి వస్తుంటే వెనక నుంచి, "లైబ్రరీల దొరికిన చదువు లైబ్రరీలనే ఉండాలె బిడ్డా," అని నవ్వాడు. చెడ్డ మనిషి కాదు. నాకు ఆ నవ్వు చాలా రోజులు పోలేదు.

తిరిగి వచ్చే బస్సులో అతను కిటికీ పక్కన కూర్చున్నాడు. కొల్లాపూర్ చౌరస్తా దాటాక నా వైపు తిరిగాడు.

"అన్నా, ఒకటి అడుగుత. సిస్టమ్ వద్దన్నంక ఏం చేయాల్నో రాసిండ్రా నీ పుస్తకంల?"

"రాసిండ్రు. ఆగాలె. ఎందుకు వద్దన్నదో కనుక్కోవాలె. అప్పటిదాంక చెయ్యి పెట్టొద్దు."

"ఫోన్ల జల్దీ అనేటోనికి ఏం చెప్పాల్నో రాసిండ్రా?"

"లేదు."

"ఆగితే ఏమంటుండె నన్ను? చేతగానోడు అంటుండె. కంపెనీ రోల్‌ల పెట్టకపోతుండె. ఆగకపోతే గిట్లైంది." అతను దీన్ని కోపంగా అనలేదు. లెక్క చూసుకుంటున్నట్టు అన్నాడు. పుస్తకాల్లో సరైన పని ఏమిటన్నది ఉంటుంది. సరైన పని చేసే స్థితిలో మనిషిని ఎవరు ఉంచాలో ఉండదు.

కొంతకాలానికి బ్యాంకు మా నుంచి ఆ కన్సోల్‌ను తీసేసుకుంది. ఆ తర్వాత లైన్లు దింపడం, ఎత్తడం హైదరాబాద్‌లోనే ఒక ప్రోగ్రాంకు అప్పజెప్పారు. పచ్చ చుక్కను నమ్మకుండా ఆ ప్రోగ్రాం ముందు సిస్టమ్‌ను అడుగుతుందని విన్నాను. మంచి పనే. అది మాకు చేయడానికి ఏమీ మిగల్చలేదు. కిందటి ఏడాది గది ఖాళీ చేసి ఎరువుల దుకాణానికి గోదాముగా ఇచ్చారు. నేను ఇప్పుడు గద్వాలలో చీరల దుకాణంలో బిల్లులు కొడుతున్నాను. సాయంత్రం తీరితే గ్రంథాలయానికి వెళతాను. ఆ పుస్తకాలను పాత కాగితాల కింద తీసేశారు. వాటి చోట గ్రూప్ పరీక్షల గైడ్లు పెట్టారు.

మొన్న భాద్రపదంలో గట్టు వెళ్లాను. అతను ఇంటి దగ్గర లేడు. పొద్దెక్కక ముందే చేలో క్రాసింగ్‌కు పోయారని ఇంట్లో ఉన్న ముసలమ్మ చెప్పింది. చేను ఊరికి దగ్గరే. సాలు ఈ చివర అతని భార్య, ఆ చివర అతను, మధ్యలో బిడ్డ. నన్ను చూసి అతను నిలబడ్డాడు, చేతులు తువ్వాలకు తుడుచుకున్నాడు.

"బడి లేదా తమ్మీ బిడ్డకు?"

"ఉన్నది అన్నా." ఆ పిల్ల వైపు తిరిగి చూడకుండానే చెప్పాడు. "దాని చెయ్యి సన్నగ ఉన్నది. మొగ్గ విరుగుతలేదు. మాకంటె నయం చేస్తుంది."

పిల్ల నా దిక్కు ఒకసారి చూసి మళ్లీ పువ్వు అందుకుంది. ఎండ ముదిరితే పూలు పనికి రావు కాబట్టి, అతను కూర్చోమని కూడా అనలేకపోయాడు. నేను చేను గట్టు మీద కాసేపు నిలబడి బస్సుకు వచ్చేశాను.